వాడేవారు పీకి పారేయని భద్రత: లినక్స్ ప్యాకేజీ ఎలా కట్టాలి

2018లో ఘోస్ట్‌స్క్రిప్ట్‌లో, అంటే పోస్ట్‌స్క్రిప్ట్, పీడీఎఫ్ ఫైళ్లను విడమరిచే ప్రోగ్రాములో, వరసగా తీవ్రమైన లోపాలు బయటపడ్డాయి. పీడీఎఫ్ ఫైళ్లు చదవడానికి, బొమ్మలను మార్చే ఇమేజ్‌మ్యాజిక్ అనే పరికరం దాని మీదే ఆధారపడుతుంది కాబట్టి, ఉబుంటు వంటి డిస్ట్రోలు (లినక్స్ పంపిణీలు) ఇమేజ్‌మ్యాజిక్ పాలసీ ఫైలులో పీడీఎఫ్‌కూ పోస్ట్‌స్క్రిప్ట్‌కూ తాళం వేశాయి. సరైన పనే. కానీ పీడీఎఫ్ పేజీని బొమ్మగా మార్చుకోబోయిన మనిషికి కనిపించింది, భద్రతా విధానం ఒప్పుకోదన్న ఒక్క పొడి వాక్యం. ఎందుకు ఒప్పుకోదో, కావాలంటే ఎక్కడ మార్చుకోవాలో అందులో లేదు. వెతికితే ఆ పాలసీ ఫైలునే తీసి పక్కన పెట్టమనే సలహా ఇట్టే దొరికేది. అలా చేసినవారి కంప్యూటర్లలో పీడీఎఫ్ ఆంక్ష ఒక్కటే పోలేదు, మెమరీ మీద, బొమ్మల పరిమాణం మీద ఉన్న పరిమితులు కూడా దానితోపాటే పోయాయి.

ప్యాకేజీ, అంటే ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేసుకోవడానికి వీలైన మూట, కట్టేటప్పుడు మీ ఎదురుగా కూర్చోబెట్టుకోవలసింది ఈ మనిషినే. ఆంక్షను పాటించడం కంటే దాటడం తేలికైతే జనం దాటేస్తారు. దాటేటప్పుడు కావలసినంత మేరకే దాటరు. కాబట్టి ఎంత గట్టిగా మూశాం అన్నది సగం ప్రశ్నే. మూసినదాన్ని అవసరమైనవారు అవసరమైనంత మేరకే తెరుచుకోగలరా అన్నది మిగతా సగం. డెబియన్, ఉబుంటు వాడే డెబ్, ఫెడోరా వాడే ఆర్‌పీఎం, ఏ డిస్ట్రోలోనైనా నడిచే ఫ్లాట్‌ప్యాక్, ఏది కట్టినా ఈ లెక్క మారదు. పనిలోకి దిగుదాం.

1. ముందు మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి

ఈ ప్రోగ్రాము పరాయివారు పంపిన ఫైళ్లను తెరుస్తుందా? నెట్‌వర్క్ మీద వింటుందా? రూట్ హక్కులు, అంటే కంప్యూటర్ మీద పూర్తి అధికారం, అడుగుతుందా? మూడింటికీ కాదు అని వస్తే ఈ వ్యాసంలో మీకు 2, 3, 7, 8 అడుగులు చాలు. ఒక లెక్కల ఆటకు పది రకాల కాపలా పెట్టడం వల్ల ఆటకు ఒరిగేదేమీ లేదు, మీ ప్యాకేజీకి ఫిర్యాదులు మాత్రం పెరుగుతాయి. ఒక్కదానికైనా అవును అని వస్తే అన్నీ చదవండి.

2. సోర్సు ఎక్కడి నుంచి తెస్తున్నారో ఖాయం చేసుకోండి

ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే పరికరం ఉదంతం తరువాత ఈ అడుగును ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 విడుదలల్లో దొంగదారి ఉందని బయటపెట్టాడు. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మరో కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ సుమారు అర సెకను ఆలస్యమవుతోందన్న అనుమానంతో తవ్వుకుంటూ పోతే అది దొరికింది. మనకు పాఠం ఆ దొంగదారి అమరికలో ఉంది. అసలు సరుకు పరీక్షల కోసం పెట్టిన ఫైళ్లలో దాగి గిట్ (కోడు మార్పుల చరిత్రను దాచే వ్యవస్థ) రిపాజిటరీలోనే ఉంది. దాన్ని నిద్రలేపే చిన్న బిల్డ్ స్క్రిప్టు మాత్రం గిట్‌లో లేదు, విడుదల టార్‌బాల్‌లోనే, అంటే సోర్సును మూటగట్టిన ఫైలులోనే ఉంది. టార్‌బాల్‌పై సంతకం అసలైనదే, ఎందుకంటే సంతకం చేసిన చేయే దొంగది.

అందుచేత ఇలా చేయండి. వీలైతే టార్‌బాల్ బదులు గిట్ ట్యాగ్ (విడుదలకు పెట్టిన గుర్తు) నుంచే సోర్సు తీసుకుని, కాన్ఫిగర్ స్క్రిప్టులను మీ బిల్డ్‌లోనే పుట్టించుకోండి. టార్‌బాల్ తప్పదంటే, అదే ట్యాగ్‌తో పోల్చి, గిట్‌లో లేని ఫైళ్ల జాబితా తీసి, ప్రతి ఫైలు ఎందుకు ఉందో తెలుసుకోండి. టార్‌బాల్ మీద ఆటోరీకాన్ఫ్ (కాన్ఫిగర్ స్క్రిప్టును మళ్లీ పుట్టించే కమాండ్) ఒక్కటీ నడిపితే సరిపోతుందనుకోకండి. ఆ స్క్రిప్టుకు ముడిసరుకైన దొంగ ఎం4 ఫైలు టార్‌బాల్‌లో ఉంటే అది మళ్లీ వాడుకలోకే వస్తుంది. సంతకాన్ని కూడా తప్పకుండా సరిచూడండి. అది దారిలో ఎవరూ మార్చలేదని చెబుతుంది, అంతవరకే దాని సాక్ష్యం. డెబియన్‌లో అయితే అప్‌స్ట్రీమ్ (అసలు ప్రోగ్రాము రాసేవారి) తాళపు చెవిని సోర్సు ప్యాకేజీలోనే పెట్టి, కొత్త విడుదలలను కనిపెట్టే వాచ్ ఫైలు ద్వారా ప్రతి కొత్త విడుదలనూ దానితో సరిచూసేలా అమర్చవచ్చు. ఆర్చ్ అనే డిస్ట్రోలో ప్యాకేజీ బిల్డ్ ఫైలులోని చెక్‌సమ్ (ఫైలు మారలేదని సరిచూసే సంఖ్య) గడిలో 'స్కిప్' అని రాసే అలవాటు గిట్ సోర్సుల వరకే ఉండాలి, టార్‌బాల్‌కు పనికిరాదు.

బిల్డ్ జరుగుతున్నంతసేపూ నెట్‌వర్క్ కట్టేయండి. బిల్డ్ మధ్యలో ఇంటర్నెట్ నుంచి ఏదో దించుకునే సాఫ్ట్‌వేర్ ఉంటే, అవి ఏమిటో ముందే తెచ్చి, వెర్షన్లు ఖాయం చేసి పెట్టుకోండి. ఈ అడుగులోని శ్రమంతా మీదే, వాడేవారికి ఇందులో కలిగే అసౌకర్యం సున్నా. ఇలాంటి భద్రత దొరికిన చోటల్లా తీసుకోండి.

3. కంటికి కనపడని రక్షణలన్నీ వేసేయండి

కంపైలర్ ఇచ్చే రక్షణలు ఈ కోవకే చెందుతాయి. స్టాక్ ప్రొటెక్టర్, ఫోర్టిఫై సోర్సు, పై (పీఐఈ), పూర్తి రెల్‌రో: మెమరీ లోపాలను దాడికి వాడుకోవడం కష్టం చేసే ఇవి ఉన్నాయో లేదో వాడేవారికి తెలియను కూడా తెలియదు. ఫెడోరాలో ఆర్‌పీఎం మాక్రోలు వీటిని వాటంతటవే అందిస్తాయి. డెబియన్‌లో డీపీకేజీ-బిల్డ్‌ఫ్లాగ్స్ చాలావరకు ఇస్తుంది, పూర్తి స్థాయి కావాలంటే రూల్స్ ఫైలులో హార్డెనింగ్ ఎంపికలన్నీ కోరుతూ ఒక వరుస రాయాలి. చిక్కు ఎక్కడంటే, కొన్ని మేక్‌ఫైళ్లు (బిల్డ్ సూచనల ఫైళ్లు) మీరిచ్చిన ఫ్లాగులను (కంపైలర్ ఎంపికలను) పట్టించుకోకుండా తమ సొంతవి వాడుకుంటాయి. కాబట్టి బిల్డ్ అయ్యాక బైనరీని హార్డెనింగ్-చెక్‌తోనో చెక్‌సెక్‌తోనో పరీక్షించండి. ఫ్లాగు ఇచ్చాం కదా అని వదిలేస్తే, లేని కవచాన్ని ఉందనుకుని తిరుగుతాం.

ఇక్కడే ఒక ఎదురు హెచ్చరిక. మీకు అర్థం కాని కోడును హెచ్చరికలు పోగొట్టడం కోసం ప్యాచ్ చేయకండి. 2006లో డెబియన్ వారి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే గుప్తీకరణ లైబ్రరీలో, పరీక్షా పరికరం గోల చేస్తోందని ఒక వరుసను తీసేశారు. యాదృచ్ఛిక సంఖ్యలకు అసలు బలం అక్కడి నుంచే వస్తోంది. 2008 మేలో సంగతి బయటపడేసరికి తేలిందేమిటంటే, ఒక్కో రకం తాళపు చెవిలో, ఒక్కో పరిమాణంలో పుట్టగలిగినవి 32,768 మాత్రమే. ప్యాచ్‌కు కారణం దురుద్దేశం కాదు, శుభ్రత మీద మమకారం. అప్‌స్ట్రీమ్ వారు ఒప్పుకుని తమ కోడులో కలుపుకోని భద్రతా సంబంధిత ప్యాచ్ మీ ప్యాకేజీలో ఉంటే, దాన్ని అనుమానించవలసిన మొదటి మనిషి మీరే.

4. ఏ సౌకర్యాన్ని ఉంచాలి, దేన్ని తీయాలి

తగాదాలన్నీ పుట్టేది ఈ అడుగులోనే. అందుకే కాస్త తీరిగ్గా చూద్దాం.

2024లో డెబియన్ అభివృద్ధి శాఖలో కీపాస్‌ఎక్స్‌సీ ప్యాకేజీ మారింది. అది పాస్‌వర్డులు దాచే ప్రోగ్రాము. నెట్‌వర్క్, బ్రౌజర్ అనుసంధానం, ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్ వంటి ఐచ్ఛిక సౌకర్యాలన్నీ కంపైల్ దశలోనే తీసేసి, ఉత్త ప్రోగ్రామును పాత పేరుతో ఉంచారు. అన్నీ ఉన్నదాన్ని 'ఫుల్' అనే తోకతో వేరే ప్యాకేజీగా పెట్టారు. పాస్‌వర్డులు దాచే చోట కోడు ఎంత తక్కువ ఉంటే అంత మంచిదన్నది మెయింటెయినర్ (ప్యాకేజీ కట్టే మనిషి) వాదన. తీసేసిన సౌకర్యాల్లో చాలావరకు మామూలుగానే ఆపి ఉంటాయి, వాడేవారు తమంతట తాము ఆన్ చేసుకుంటే తప్ప పనిచేయవు, పైగా మీరు చేసిన మార్పుకు ఫిర్యాదులన్నీ మాకు వస్తాయి అన్నది అప్‌స్ట్రీమ్ వాదన.

ఇద్దరి మాటలోనూ పస ఉంది. నా తీర్పు మాత్రం ఇది: చిన్న ప్యాకేజీ ఇవ్వాలన్న ఆలోచన తప్పు కాదు, పాత పేరుకు కొత్త అర్థం ఇవ్వడం తప్పు. నిన్నటిదాకా బ్రౌజర్‌లో పాస్‌వర్డు నింపిన ప్రోగ్రాము ఒక అప్‌గ్రేడ్‌తో మూగబోతే, వాడేవారు దాన్ని భద్రత అనుకోరు, పాడైపోయింది అనుకుంటారు. ఆ విసుగులో పాస్‌వర్డులను బ్రౌజర్‌లోనే దాచుకోవడం మొదలుపెట్టినవారికి మీ చర్య వల్ల భద్రత పెరిగిందా, తరిగిందా?

మీ ప్యాకేజీలో ఇలాంటి నిర్ణయం వచ్చినప్పుడు ఈ క్రమంలో ఆలోచించండి. మొదట, సౌకర్యాన్ని కోడులో ఉంచి సెట్టింగులో ఆపితే చాలునా? డెబియన్‌లో విమ్ అనే ఎడిటర్ ప్యాకేజీ అలాగే చేస్తుంది. ఫైలు లోపలి వరుసలే ఎడిటర్ సెట్టింగులను మార్చగలిగే మోడ్‌లైన్ సౌకర్యాన్ని అక్కడ ముందే ఆపి ఉంచారు. 2019లో ఆ సౌకర్యం ద్వారా కమాండ్లు నడిపించగల లోపం బయటపడినప్పుడు ఆ ముందుచూపు పనికొచ్చింది. కావలసినవారు తమ సెట్టింగుల ఫైలులో ఒక్క వరుస రాసుకుంటే అది తిరిగి వస్తుంది. చాలా సందర్భాల్లో ఇదే ఉత్తమం.

అది చాలకపోతే, అంటే ఆపి ఉంచినా ఆ కోడు బరువు ప్రమాదమే అనిపిస్తే, సౌకర్యాన్ని ప్లగిన్‌గా వేరు ప్యాకేజీలో పెట్టి ప్రధాన ప్యాకేజీతో 'రికమెండ్స్' బంధం వేయండి. మామూలుగా ఇన్‌స్టాల్ చేసినవారికి అది వెంట వస్తుంది, వద్దనుకున్నవారు తీసేసుకోగలరు. 'సజెస్ట్స్' బంధం వేస్తే వెంట రాదు, దాన్ని కొద్దిమందికే అవసరమైన వాటికి ఉంచండి.

ప్లగిన్‌గా విడదీయడం కుదరకపోతేనే రెండు బిల్డ్‌లు. అప్పుడు పాత పేరు పాత పనులన్నీ చేయాలి, కొత్త చిన్న బిల్డ్‌కే 'మినిమల్' వంటి కొత్త తోక తగలాలి. పాత పేరు మార్చక తప్పని పరిస్థితి వస్తే అప్‌గ్రేడ్ సమయంలో కనిపించే న్యూస్ ఫైలులో రెండు వాక్యాలు రాయండి: ఏం పోయింది, తిరిగి కావాలంటే ఏ ప్యాకేజీ వేసుకోవాలి. మార్పుల చిట్టాలో పదిహేనో వరుసలో రాస్తే రాసినట్టు కాదు. అప్‌స్ట్రీమ్‌కు ముందే ఒక ఉత్తరం రాయడం మర్యాద మాత్రమే కాదు, ఆ సౌకర్యం నిజంగా ఎంత ప్రమాదమో వారికే బాగా తెలుసు.

5. సర్వీసు అయితే మొదటి నిమిషం గురించి ఆలోచించండి

డెబియన్‌లో సర్వర్ ప్యాకేజీ వేయగానే సర్వీసు సాధారణంగా మొదలైపోతుంది. ఫెడోరాలో చాలావరకు మీరు చెప్పేదాకా మొదలవదు. రెండు సంప్రదాయాలకూ అభిమానులున్నారు, మీరు కడుతున్న డిస్ట్రో ఆచారాన్నే పాటించండి. కానీ దానంతటది మొదలయ్యేట్టయితే, సెట్టింగులు ఇంకా ఎవరూ చూడని ఆ మొదటి నిమిషంలో కూడా అది సురక్షితంగా ఉండాలి. అంటే లోకల్‌హోస్ట్ (ఆ కంప్యూటర్ లోపలికే పరిమితమైన చిరునామా) మీద మాత్రమే వినాలి, అందరికీ ఒకటే అయిన పాస్‌వర్డు ఉండకూడదు.

మాంగోడీబీ అనే డేటాబేసు చరిత్ర చూడండి. వెర్షన్ 2.6 నుంచి దాని అధికారిక డెబ్, ఆర్‌పీఎం ప్యాకేజీలు లోకల్‌హోస్ట్‌కే కట్టుబడేవి, మిగతా బైనరీలు మాత్రం అన్ని నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌ల మీదా వినేవి. 2017 ఆరంభంలో ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న, పాస్‌వర్డు లేని డేటాబేసుల్లోని సమాచారాన్ని చెరిపేసి డబ్బు డిమాండ్ చేసే దాడులు వెల్లువెత్తాయి. ఆ ఏడాదే వచ్చిన 3.6లో బైనరీల డిఫాల్ట్ కూడా లోకల్‌హోస్ట్ అయింది. సెట్టింగుల ఫైలులో ఒక్క వరుస చేసే తేడా అది. ఆ వరుస పక్కనే, బయటికి తెరవాలంటే ఏం మార్చాలి, మార్చే ముందు పాస్‌వర్డు ఎలా పెట్టాలి అన్నది వ్యాఖ్యగా రాసిపెట్టండి. సెట్టింగుల ఫైలులోని వ్యాఖ్యను చదివినంతమంది మాన్యువల్ పేజీని చదవరు.

6. హక్కులు చిటికెడు మాత్రమే

ప్రోగ్రాము మొత్తానికి సెట్‌యూఐడీ రూట్ (ఎవరు నడిపినా రూట్ హక్కులతో నడిచే గుర్తు) ఇవ్వడం ప్యాకేజీ కట్టేవారికి సుఖం. ఆ పని చేయకుండా ఎలా నెట్టుకురావచ్చో, నెట్‌వర్క్ రాకపోకలను పరిశీలించే వైర్‌షార్క్ చూపిస్తుంది. నెట్‌వర్క్ ప్యాకెట్లను పట్టడానికి ప్రత్యేక హక్కులు కావాలి, పట్టినవాటిని విడమరిచి చూపడానికి అక్కర్లేదు. లోపాలు ఎక్కువగా బయటపడేది రెండో భాగంలోనే. డెబియన్‌లో పట్టే పనిని డంప్‌క్యాప్ అనే చిన్న ప్రోగ్రాముకు వదిలారు. మామూలు వాడకందారులు కూడా ప్యాకెట్లు పట్టవచ్చా అని ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడుగుతారు, డిఫాల్ట్ జవాబు కాదు. అవును అంటే డంప్‌క్యాప్‌కు మాత్రమే ఆ హక్కులు వస్తాయి, అది కూడా వైర్‌షార్క్ గ్రూపులో చేరినవారికే. ప్రశ్న ఒక్కటే, అర్థమయ్యే భాషలో ఉంది, జవాబు తరువాత మార్చుకోవచ్చు. నాకు తెలిసినంతలో ఇంతకంటే చక్కని నమూనా లేదు.

సర్వీసులకు ఈ పని, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ యూనిట్ ఫైలులో జరుగుతుంది. కొత్త హక్కులు రాకుండా ఆపడం, సిస్టమ్ డైరెక్టరీలను చదవడానికే పరిమితం చేయడం, హోమ్ డైరెక్టరీలను దాచడం, సొంత తాత్కాలిక డైరెక్టరీ ఇవ్వడం, అనుమతించే సిస్టమ్ కాల్స్‌ను (కెర్నల్‌ను అడిగే పనులను) కుదించడం, ప్రతిదానికీ ఒక వరుస ఉంది. అన్నీ ఒకేసారి అతికించకండి. ఒక వరుస కలపండి, సర్వీసును నిజమైన పనితో నడపండి, లాగ్ చూడండి, తరువాతి వరుసకు వెళ్లండి. సొంత తాత్కాలిక డైరెక్టరీ ఇస్తే, అక్కడ రాసిన ఫైలు కోసం బయట ఎదురుచూసే మరో ప్రోగ్రాముకు అది కనపడదు. రాసే మెమరీలో కోడు నడవకుండా ఆపితే, నడుస్తూనే కోడు తయారు చేసుకునే జిట్ ఇంజిన్లు కుప్పకూలుతాయి. సిస్టమ్‌డీ-అనలైజ్ సెక్యూరిటీ కమాండ్ ఒక్కో సర్వీసుకు పదికి ఇన్ని మార్కులని వేస్తుంది, ఎంత తక్కువైతే అంత మంచిది. ఏం మరిచిపోయారో చూసుకోవడానికి అది పనికొస్తుంది. మార్కుల కోసం పని చెడగొట్టుకోవడం మాత్రం చదువు మానేసి ట్యూషన్‌కు వెళ్లడం లాంటిది.

ప్రోగ్రామును పంజరంలో నడిపే ఫ్లాట్‌ప్యాక్‌లో అయితే మొదట హోమ్ డైరెక్టరీ అనుమతి గురించి తేల్చుకోండి. హోమ్ మొత్తం రాయగలిగే ప్రోగ్రాము మీ షెల్ సెట్టింగుల ఫైలునూ రాయగలదు, అంటే పంజరం పేరుకే. ఫైలు తెరిచే పెట్టె పోర్టల్ (పంజరం బయటి మధ్యవర్తి) ద్వారా వచ్చే ప్రోగ్రాముకు ఈ అనుమతే అక్కర్లేదు, వాడేవారు ఎంచిన ఫైలు ఒక్కటే లోపలికి వస్తుంది. పోర్టల్ వాడని పాత ప్రోగ్రాముకు పత్రాల డైరెక్టరీ ఒక్కటి ఇచ్చి చూడండి. వేలాండ్ అనే కొత్త తెర వ్యవస్థ తెలిసిన ప్రోగ్రాముకు పాతదైన ఎక్స్11ను, వేలాండ్ లేనప్పుడే వాడేలా ఇవ్వండి. ఎక్స్11 దొరికితే ఇతర కిటికీల్లో కొట్టే అక్షరాలు కూడా వినవచ్చు.

ఒకటి మాత్రం ఖరాఖండిగా చెబుతాను. ఎలక్ట్రాన్ (వెబ్ సాంకేతికతతో కట్టిన) ప్రోగ్రాము మొదలవడం లేదని మెనూ ఫైలులో సాండ్‌బాక్స్ (పంజరం) వద్దనే ఐచ్ఛికం చేర్చి పంపకండి. ఉబుంటు 24.04 మామూలు వాడకందారుల యూజర్ నేమ్‌స్పేస్‌లను (సాండ్‌బాక్స్ కట్టడానికి వాడే కెర్నల్ సౌకర్యాన్ని) ఆప్‌ఆర్మర్ అనే కాపలా వ్యవస్థ ద్వారా కట్టడి చేశాక ఈ అడ్డదారి బాగా పెరిగింది. దానికి సరైన మందు ఆ ప్రోగ్రాముకు ఒక చిన్న ఆప్‌ఆర్మర్ ప్రొఫైల్ రాసి ప్యాకేజీతో పంపడం. రాయవలసింది కొద్ది వరుసలే.

7. ఇన్‌స్టాల్ స్క్రిప్టును వీలైనంత ఖాళీగా ఉంచండి

మీ స్క్రిప్టు అపరిచితుల కంప్యూటర్లలో రూట్‌గా నడుస్తుంది. 2011లో బంబుల్‌బీ అనే ప్రాజెక్టు స్క్రిప్టులో తొలగించు కమాండ్ మధ్య ఒక్క ఖాళీ ఎక్కువ పడి, ప్రోగ్రాములుండే యూఎస్‌ఆర్ డైరెక్టరీ మొత్తాన్ని చెరిపేసింది. వాడకందారు ఖాతాలు సృష్టించాలంటే సిస్టమ్‌డీలోని సిస్‌యూజర్స్‌కు, డైరెక్టరీలు కావాలంటే టెంప్‌ఫైల్స్‌కు వదిలేయండి. మీరు రాయని స్క్రిప్టులో మీ పొరపాటు ఉండదు.

సొంత ప్యాకేజీ రిపాజిటరీ నడుపుతుంటే, దాని తాళపు చెవిని సిస్టమ్ మొత్తం నమ్మే చోట వేయించకండి. డెబియన్‌లో ప్యాకేజీలు దించే ఆప్ట్‌లో రిపాజిటరీ వరుసలోనే సైన్డ్-బై అని ఫలానా చెవి ఫలానా రిపాజిటరీకే అని చెప్పవచ్చు. లేకపోతే మీ చెవి పోయిన రోజున, దాన్ని ఎత్తుకెళ్లినవాడు డెబియన్ ప్యాకేజీలకు కూడా సంతకం చేయగలడు. స్క్రిప్టును దించి నేరుగా షెల్‌కు అందించే ఒక్క వరుస పద్ధతి ఎంత సుఖమైనదో నాకు తెలుసు. దానికి పోటీగా మీ సూచనలు కూడా కాపీ చేసి అతికించగల మూడు నాలుగు వరుసల్లో ఉంటేనే జనం మీ దారి పడతారు.

8. మూసిన ప్రతిచోటా ఒక బోర్డు పెట్టండి, తరువాత మీరే పడి చూడండి

కొత్త వర్చువల్ మెషిన్‌లో మామూలు ఖాతాతో మీ ప్యాకేజీ వేసి, ప్రోగ్రాము ప్రధానంగా చేసే పనులు చేయండి. ఎక్కడైనా అడ్డం తగిలితే వచ్చిన సందేశాన్ని కొత్తవారి కళ్లతో చదవండి. ఏది ఆగింది, ఎందుకు ఆగింది, దాన్ని ఒక్కదాన్నే ఎలా తెరవాలి, ఈ మూడూ ఉన్నాయా? సందేశాన్ని మార్చడం మీ చేతిలో లేకపోతే అదే సందేశాన్ని యథాతథంగా ప్యాకేజీ రీడ్‌మీలో రాసి, కింద జవాబు పెట్టండి. వెతికేవారికి ఇతరుల సలహా కంటే ముందు మీ జవాబు దొరకాలి. మినహాయింపులు రాసుకోవడానికి వేరే డైరెక్టరీ చూపండి, మీ ఫైలునే మార్చమని చెప్పకండి. సిస్టమ్‌డీలో దీనికి డ్రాప్-ఇన్ ఫైళ్లు ఉన్నాయి. అసలు ఫైలును దిద్దుకున్నవారికి మీ తరువాతి భద్రతా సవరణ చేరదు.

తీసేయడం కూడా పరీక్షించండి. ప్యాకేజీ పోయినా నడుస్తూనే ఉన్న సర్వీసు, మిగిలిపోయిన రిపాజిటరీ చెవి, రెండూ కనిపిస్తాయి.

9. కట్టాక ఉండే పని

అప్‌స్ట్రీమ్ భద్రతా ప్రకటనలు మీకు చేరే ఏర్పాటు ఇప్పుడే చేసుకోండి. పాత వెర్షన్ ఉన్న స్థిర శాఖకు కొత్త వెర్షన్ మొత్తాన్ని తోయకుండా, లోపాన్ని సరిచేసే చిన్న మార్పును మాత్రమే వెనక్కి తెచ్చి కలపండి. భద్రతా సవరణతో పాటు మెనూలు మారిపోతే, తరువాతిసారి అప్‌డేట్ అంటేనే వాయిదా వేస్తారు.

ఓపిక లేని రోజు వస్తే ప్యాకేజీని గాలికి వదలకండి. 2018 జులైలో ఆర్చ్ వాడకందారుల రిపాజిటరీలో, ఎవరూ చూడని, పీడీఎఫ్ చదివే ఆక్రోరీడ్ ప్యాకేజీని ఒక కొత్త ఖాతా దత్తత తీసుకుని అందులో హానికర స్క్రిప్టు చేర్చింది. తొందరపడి అప్పగించడమూ అంతే ప్రమాదం. 2022లో ఎక్స్‌జెడ్ నిర్వాహకుడిని, పనులు ఆలస్యమవుతున్నాయంటూ కొత్త కొత్త పేర్లతో వేధించినది సహ నిర్వాహకుడిని తెచ్చుకునేలా చేయడానికేనని భావిస్తున్నారు. కాబట్టి అప్పగింతను కొన్ని విడుదలల మీదుగా సాగదీయండి. కొత్తవారు కడతారు, మీరు మార్పులు చదివి ఆమోదిస్తారు. చివరి ఆమోదం అయ్యాక మీ అప్‌లోడ్ హక్కును, మీ సంతకపు చెవిని జాబితాలోంచి తీసేయమని మీరే అడగండి.